అప్‌డేట్: జర్మన్ సైనిక బూట్లు మెత్తబడ్డాయి

జర్మన్ సైన్యం వాడి వదిలిన తోలు బూట్లు కొన్నాను, బూజు పట్టి బిగుసుకుపోయిన తోలు మళ్లీ మెత్తబడుతుందా అని అడిగాను కదా. మెత్తబడింది! వెనిగర్‌లో నీళ్లు కలిపి బూజు తుడిచాను. తోలు శుభ్రం చేసే శాడిల్ సబ్బుతో పాత పాలిష్ పొరలు వదిలించి, లోపల కాగితాలు కుక్కి నీడలోనే ఆరబెట్టాను. హీటరు దగ్గర పెడితే తోలు పగులుతుంది. తర్వాత, పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె పలచగా పట్టించాను. ఎక్కువైతే తోలు వదులవుతుంది, ఓపిక పట్టడమే మేలు. పైన తేనెమైనం.

బూట్ల అడుగుభాగం రబ్బరుది కావడం నిజంగా అదృష్టం. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన అడుగైతే, తొడగకుండా దాచినా గాలిలోని తేమకే ఏళ్ల తరబడి కుళ్లి పొడిగా రాలిపోతుంది. కొనేవారు ముందు అడుగును గోటితో నొక్కి చూడండి. మడమ దగ్గర ఊడిన కుట్టును మాత్రం చెప్పులు కుట్టే ఆయన మైనపు దారంతో బిగించారు, చాలా చక్కగా.