70 వేల బడ్జెట్‌లో గేమింగ్ పీసీ: ప్రాసెసర్ తగ్గించి గ్రాఫిక్స్ కార్డు పెంచాలా?

గోదారి_గట్టు: బీటెక్ మూడో ఏడాది. నాన్న 70 వేలు ఇస్తానన్నారు. మానిటర్ ఉంది: 1080పీ, 144 హెర్ట్జ్. వాలరెంట్ రోజూ ఆడతాను, సైబర్‌పంక్ 2077 కూడా ఆడాలని ఉంది. రైజెన్ 5 5500 ప్రాసెసర్‌తో ఆర్టీఎక్స్ 4060 కార్డు వేయాలా? లేక రైజెన్ 5 7600 కొని ఆర్ఎక్స్ 6600తో సర్దుకోవాలా?

ఫ్రేమ్_లెక్క: కళ్లు మూసుకుని 4060. సైబర్‌పంక్‌లో బరువంతా కార్డు మీదే.

పాత_సాకెట్: 5500 వద్దు తమ్ముడూ. కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే పీసీఐఈ దారి అందులో పాత 3.0 దగ్గరే ఆగిపోతుంది, 4060కి ఆ దారిలో ఉన్నవి ఎనిమిది లేన్లే. పైగా ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ, ఇందులో 16 ఎంబీ, రైజెన్ 5 5600లో 32. వాలరెంట్‌లో ఫ్రేములు ఇచ్చేది ప్రాసెసరే.

ఫ్రేమ్_లెక్క: మళ్లీ లేన్ల గొడవ! కార్డులోని 8 జీబీ మెమరీ నిండేదాకా ఆ తేడా కంటికి ఆనదు.

పాత_సాకెట్: నిండినప్పుడే కదా లేన్లతో పని!

చిన్నా_99: మంచి ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) వేయండి, అందులో మాత్రం మిగుల్చుకోవద్దు.

పాత_సాకెట్: నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. నాలుగు కోర్ల ప్రాసెసర్ మీద పెద్ద కార్డు వేశాను. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 100 శాతం, కార్డు 50 దాటేది కాదు. ఎదురుకాల్పులు మొదలవగానే తెర ఒక్క క్షణం బిగుసుకుపోయేది. ఆ క్షణంలోనే చచ్చేవాణ్ణి. తర్వాతి తరం ప్రాసెసర్‌ వేద్దామంటే మదర్‌బోర్డు కూడా మార్చాలన్నారు.

ఫ్రేమ్_లెక్క: మీకు జీతం వస్తుంది, మార్చుకున్నారు. మా నాన్న ఒక్కసారే ఇచ్చారు. షాపతను ఖరీదైన ఐ7 ప్రాసెసర్ అంటగట్టి, "కార్డు తర్వాత వేసుకోవచ్చు" అన్నాడు. ఆ తర్వాత అనేది నాలుగేళ్లు రాలేదు. క్యాబినెట్ దుమ్ము దులిపిన ప్రతిసారీ ఆ ఖాళీ స్లాట్ చూస్తూ డిగ్రీ అంతా లో సెట్టింగ్స్‌లో గడిపాను. మీ "తర్వాత" అందరికీ ఉండదండీ.

పాత_సాకెట్: అదీ అసలు సంగతి. ఇది ముందే చెప్పి ఉంటే లేన్ల దగ్గర ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు. రెండేళ్లకు మళ్లీ డబ్బు పెట్టగలిగితే 7600. అది కూర్చునే ఏఎం5 సాకెట్‌కి 2027 దాటాక కూడా సపోర్ట్ ఉంటుందని ఏఎండీయే చెప్పింది. పెట్టలేకపోతే 4060కి నేనూ సరే అంటాను, కానీ 5600తో.

ఫ్రేమ్_లెక్క: 5600 అయితే ఒప్పుకుంటాను. 7600 కోసం కార్డు తగ్గించడానికి మాత్రం ఒప్పుకోను.

గోదారి_గట్టు: నాన్న వచ్చే మార్చిలో రిటైర్ అవుతున్నారు. మళ్లీ అడగలేను.

పాత_సాకెట్: అయితే 5600, 4060. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ ఇస్తే తీసుకోకు. 8 జీబీవి రెండు అడుగు.