కమిటీల రిపోర్టుల వల్ల కౌలు రైతుకి ఏమైనా ఒరిగిందా?

కృష్ణా_డెల్టా:
ఎం.ఏ. ఎకనామిక్స్ చదువుతున్నాను, ప్రాజెక్టుకి కౌలు సేద్యం తీసుకున్నా. 2004లో వై.ఎస్. ప్రభుత్వం రైతుల కష్టాల మీద వేసిన జయతీ ఘోష్ కమిషన్ దగ్గర్నుంచి ఏ రిపోర్టు తిరగేసినా ఒకటే గోడు: దున్నేది ఒకరు, పాస్‌బుక్‌లో రైతు ఇంకొకరు. ఇంతమంది ప్రొఫెసర్లు చెప్పాక కూడా మా ఊళ్లో కౌలుదారుకి బ్యాంకు లోను పుట్టట్లేదు. మరి ఈ పరిశోధనలన్నీ ఎందుకండీ? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_పాఠాలు:
ఒరగలేదని మాత్రం అనకండి. అప్పట్లో రైతు ఉరేసుకుంటే తాగుడనో, ఇంట్లో గొడవలనో తేల్చేసేవాళ్లు. 2003 నాటి జాతీయ శాంపిల్ సర్వేలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు కుటుంబాల్లో 82 శాతం అప్పుల్లో ఉన్నాయని, దేశం మొత్తం మీద 48.6 శాతమేనని వచ్చాక ఆ మాట చెల్లలేదు. ఆ తర్వాత భూముల మీద కోనేరు రంగారావు కమిటీ, చివరికి కౌలుదారుల కోసం 2011 చట్టం, దాని కింద బ్యాంకు లోనుకి రుణ అర్హత కార్డు. సెంటు భూమి లేని మనిషి చేతిలో నువ్వు సాగుదారువని ప్రభుత్వం కాగితం పెట్టడం చిన్న సంగతి కాదు. కాకపోతే ఘోష్ కమిషన్ వేసినప్పటి నుంచి చట్టం వచ్చేసరికి ఏడేళ్లు పోయాయి, ఆ ఏడేళ్లలో పోయినవాళ్లని ఎవరు తెస్తారు?

పత్తి_చేను:
కార్డు సరేనండీ, దానితో బ్యాంకుకి వెళ్తే ఏమంటారో వినండి. మా నాన్న కౌలుకి చేసే పొలం మీద ఆసామి ముందే పంట రుణం తీసేసుకున్నాడు, ఒకే సర్వే నంబరు మీద రెండో లోను ఇవ్వం అన్నారు. ఇంకేం చేస్తాం, పురుగుమందుల కొట్టులో అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. పైగా ఆంధ్రలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక కార్డు కావాలంటే ఆసామి సంతకం ఉండాల్సిందే. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన టెన్షన్, గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలుకి ఇవ్వడేమోనని మాది.

ఓరుగల్లు_వాసి:
మా తెలంగాణ వైపూ అంతే. 2018లో పెట్టుబడి సాయంగా రైతుబంధు మొదలైంది, అప్పట్లో సీజన్‌కి ఎకరానికి 4,000, అదీ పట్టాదారుకే. అదే ఏడు రైతు స్వరాజ్య వేదిక అనే రైతు సంఘం, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) కలిసి ఆత్మహత్య జరిగిన దాదాపు 700 కుటుంబాలను కలిసి మాట్లాడితే నాలుగింట మూడొంతుల మంది కౌలుదారులని తేలింది. అయినా రైతుబంధులో కౌలుదారుని చేర్చలేదు. భూమి ఉన్నవాళ్లకి ఇబ్బంది లేనంతవరకే ప్రభుత్వాలు పరిశోధన వింటాయి, నేను చూసినంతలో ఇదే. తమ్ముడూ, రైతుకి అప్పుందా అని మళ్లీ లెక్కెయ్యకు, అది తేలిపోయింది. కార్డున్నా లోను రానివాళ్లని పట్టుకుని, ఏ బ్యాంకు ఏ కారణం చెప్పి తిప్పి పంపిందో రాసుకో.

కృష్ణా_డెల్టా:
థాంక్స్ అన్నా, ప్రశ్నావళి మార్చేస్తున్నా. పత్తి_చేను గారూ, లోను కుదరదని బ్యాంకువాళ్లు రాతపూర్వకంగా ఇచ్చారా, నోటిమాటేనా?

పత్తి_చేను:
నోటిమాటేనండీ. రాసివ్వమని అడిగితే తర్వాత రమ్మన్నారు.