సమస్యాపూరణం: కత్తెరయె పెంచు పొడవైన కచభరమును

నిర్వాహకుడు: ఈ వారం సమస్య (మేమిచ్చే పాదం) తేటగీతి అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగోది, ముందు మూడూ మీరు పూరించాలి. కచభరమంటే జుట్టు. కోసేది పెంచుతుందా అన్నదే మెలిక. పొడుగు జుట్టు సంరక్షణ చుట్టూ తిరిగితే మరీ మంచిది. క్రమాలంకారం (వరుసగా చెప్పినవాటికి అదే వరుసలో జోడీలు చెప్పడం) మాత్రం ఈసారికి వద్దు, దానితో విసిగిపోయాం.

తెలిమబ్బు:
చివర చిట్లిన వెండ్రుక చీలి చీలి
పైకి ప్రాకుచు సగమునఁ బగిలి రాలు
మూడు మాసములకు నొకసారి మొనలఁ దీయ
కత్తెరయె పెంచు పొడవైన కచభరమును

నిర్వాహకుడు: ఎత్తుగడ బాగుంది. మూడో పాదంలో గణం (అక్షరాల గుంపు) ఒకటి ఎక్కువైంది. మూడు/మాసము/లకు నొక/సారి/మొనల దగ్గరే పాదం నిండింది, ‘దీయ’ గుమ్మం బయట నిలబడింది. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరడం) కూడా ‘సా’ మీద పడి చెడింది. ‘మూడు నెలలకు నొకసారి మొనలఁ దీయ’ అనండి, మూ–మొ యతితో సహా కుదురుతుంది.

సిరాచుక్క: ఛందస్సు సరే, నా పేచీ భావంతో. జుట్టు పెరిగేది కుదుళ్ళలో. బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు, కొస కోసిన సంగతి కుదురుకు తెలియదు. కోసినా కోయకపోయినా నెలకు సుమారు ఒక సెంటీమీటరే. మూడు నెలలకు మూడు సెంటీమీటర్లు పెరిగితే, అంగుళం కోయించుకున్నవారికి మిగిలేది అర సెంటీమీటరు!

తెలిమబ్బు: అందుకే ‘మొనలు’ అన్నానండీ, అంగుళం అనలేదు. చిట్లిన కొస మళ్ళీ అతుక్కోదు, ఏ నూనె రాసినా సరే. అది పైకి చీలకముందే తీసేస్తే ఉన్న పొడవు దక్కుతుంది.

సిరాచుక్క: అయితే ‘పెంచు’ అంటే ‘కాపాడు’ అన్నమాట. ఒప్పుకున్నాను, కొంచెం అయిష్టంగానే.

కలంపోటు:
తిరుమలేశుని మ్రొక్కులఁ దరుణు లిడిన
కురులు సవరమ్ములై వేఱు కొప్పు నింపు
నొకరి యర్పణ మొకరికి నొప్పు గూర్చు
కత్తెరయె పెంచు పొడవైన కచభరమును

సిరాచుక్క: మొదటి పాదంలో తి–ద యతి చెల్లదు. అచ్చు కలవలేదు.

నిర్వాహకుడు: తిరు–దరు. రెండో అక్షరం చూడండి. మొదటి అక్షరాలకు బదులు రెండోవి కలిసే ప్రాసయతి, తేటగీతికి నిక్షేపంగా చెల్లుతుంది.

తెలిమబ్బు: మరి కల్యాణకట్టలో గుండుకు వాడేది బ్లేడు కదా, కత్తెర ఎక్కడిది?

కలంపోటు: ఆడవాళ్ళు ‘మూడు కత్తెరలు’ ఇవ్వడం చూడలేదా?

తెలిమబ్బు: ఆ చిన్న ముక్కలతో సవరం ఎలా అల్లుతారు? దేవస్థానం వేలంలో సవరాలకు, విగ్గులకు పోయే పొడుగు జుట్టు గుండు చేయించుకున్నవారిదే. పద్యం ముచ్చటగా ఉంది, కత్తెరే అతకలేదు.

వాల్జడ: నాది ప్రశ్నార్థకం.
పండ్లు దూరపు దువ్వెనఁ బట్టి క్రింది
చిక్కు ముందుగా విడఁదీసి చిక్కదనము
నిలుపుకొను సతి కది యేల? నిజముఁ జెప్పు
కత్తెరయె పెంచు పొడవైన కచభరమును?

నిర్వాహకుడు: కాకువుతో (గొంతు మార్చి ప్రశ్నగా పలకడంతో) సమస్యను తలకిందులు చేయడం పాత ఎత్తే అయినా ఇక్కడ పండింది. కారణం ‘క్రింది చిక్కు ముందుగా’ అన్న మాట. మాడు నుంచి ఒక్క లాగు లాగితే చిక్కులన్నీ కిందికి పోగుపడి ముడి బిగుస్తుంది, అక్కడే పుటుక్కున తెగుతుంది. కొసల నుంచి జానెడు జానెడు పైకి రావాలి. తలంటుకున్న వెంటనే పేల దువ్వెన పెట్టడం, తువాలుతో టపటపా కొట్టడం కూడా చేటే. తడిసిన వెంట్రుక సాగుతుంది, తేలిగ్గా తెగుతుంది. కొబ్బరినూనె మాట కూడా పడి ఉంటే బాగుండేది. అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీను పోకుండా అడ్డుకుంటుంది. నాలుగు పాదాల్లో అన్నీ ఎక్కడ పడతాయిలెండి. ఈ వారం నా ఓటు దీనికే.

కలంపోటు: ఒక్క అభ్యంతరం. నాకూ నడుము దాకా జుట్టుంది, మీసమూ ఉంది. ‘సతి’ అంటే నేనేమైపోవాలి? ‘నిలుపుకొను వారి కది యేల’ అంటే గణాలు చెడవు.

వాల్జడ: ‘కొను వారి’ సలం అనే గణమే. సరిపోయింది. మార్చేశాను.