పాత విండోస్ 7 మెషీన్‌ని వీఎమ్ (వర్చువల్ మెషీన్, అంటే ఇంకో కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్) చేస్తే 7బీ బ్లూ స్క్రీన్, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా షాపు బిల్లింగ్ అంతా పాత విండోస్ 7 కంప్యూటర్‌లోనే. హార్డ్ డిస్క్ ఎప్పుడు పోతుందోనన్న టెన్షన్‌తో డిస్క్2వీహెచ్‌డీ అనే టూల్‌తో డిస్క్ మొత్తానికి ఇమేజ్ (నకలు) తీసి, వీఎమ్‌లు నడిపే హైపర్-వీలో పెట్టాను. విండోస్ లోగో రంగులు కలిసేలోపే బ్లూ స్క్రీన్, స్టాప్ 7బీ (బూట్ డిస్క్ అందడం లేదనే ఎర్రర్), మళ్లీ రీస్టార్ట్. పొద్దున్నుంచి ఇదే తంతు.

డిస్క్ ఎంబీఆర్ (పాత తరహా పార్టిషన్ పద్ధతి) కాబట్టి జనరేషన్ 1 (పాత బయాస్ తరహా) వీఎమ్మే ఎంచుకున్నాను. స్టార్టప్ రిపేర్ ఏమీ తేల్చలేదు (ఎప్పుడు తేల్చింది గనక!). పాత మెషీన్ బయాస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) రెయిడ్ అని ఉంది, వీఎమ్‌లో ఐడీఈ. నా అనుమానమంతా అక్కడే. రికవరీ ప్రాంప్ట్ నుంచి సిస్టమ్ హైవ్ (విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీ ఫైల్) లోడ్ చేసి, ఐడీఈ డ్రైవర్లైన ఇంటెల్‌ఐడీఈ, అటాపీ సర్వీసుల్లో స్టార్ట్ విలువ 0 (బూట్‌లోనే లోడ్ అయ్యేలా) చేయమంటున్నారు. తీరా తెరిస్తే కంట్రోల్‌సెట్001, 002 ఉన్నాయి గానీ కరెంట్‌కంట్రోల్‌సెట్ లేదు. ఏది మార్చాలి? అసలు మెషీన్ ఇంకా నడుస్తోంది కదా, అందులోనే మార్చి మళ్లీ ఇమేజ్ తీయడం మేలా? అలా చేస్తే దాని బూటింగ్‌కి ఏమైనా ఇబ్బందా?