పాత కారు టైర్లు: అమ్ముకోవాలా, కోసి పారేయాలా?

కంటోన్మెంటు వాసి (విజయనగరం):
మొన్న కారుకు నాలుగు టైర్లూ మార్పించాను. పాతవి వదిలేస్తే ఒక్కోదానికి వంద తగ్గిస్తామన్నారు షాపువాళ్లు. బేరం నచ్చక డిక్కీలో వేసుకొచ్చి మేడ మీద పడేశాను. వానలు మొదలయ్యాయి, దోమలు చేరతాయని ఇంట్లో ఒకటే గొడవ. చెత్తబండి వాళ్లు మేం తీసుకోం అన్నారు. మీరంతా ఏం చేస్తున్నారు?

పాత డ్రైవరు (శ్రీకాకుళం):
వందకు మాత్రం ఇవ్వకండి. ముందు గ్రిప్పు చూడండి. టైరు గాడుల లోపల అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గ్రిప్పు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. ఇంకా పైకి ఉంటే సెకండ్ హ్యాండ్ షాపులో మంచి రేటే వస్తుంది. మీకు అక్కర్లేకపోయినా బండి తోలుకునేవాడికి అక్కరకొస్తుంది.

రాజాం రైతు:
భోగికి దాచండి. టైరు పడితే మంట నిలబడుతుంది.

టెక్కలి చెల్లి:
అన్నయ్యా, దయచేసి వద్దు. మా నాన్నగారికి ఆస్తమా. భోగి నాడు తెల్లవారకుండానే కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుకుని కూర్చుంటాం. టైరంటే ఒక్క రబ్బరే కాదు, గంధకం, జింకు, నూనెలు అన్నీ కలిసి ఉంటాయి. ఆ నల్లపొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిడకలు వేసుకోండి, దుంగలు వేసుకోండి.

దోమల డ్యూటీ (విజయనగరం):
మలేరియా విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. డెంగీ సీజన్లో ఇంటింటికీ తిరిగేటప్పుడు మేం మొదట చూసేది టైర్లనే. ఎంత తిరగేసి వంచినా లోపలి మడతలో నీళ్లు మిగిలిపోతాయి. పైగా డెంగీ దోమ గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన, టైరు గోడకు అంటించి పెడుతుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి, వారం పది రోజుల్లో దోమలై ఎగురుతాయి. ప్రతి శుక్రవారం డ్రై డే, అంటే నిల్వ నీళ్లన్నీ పారబోసి ఆరబెట్టే రోజు, అని చెప్పేది ఇందుకే. అంచేత మేడ మీద ఒక్క రోజు కూడా ఉంచకండి. ఇంకో మాట. ఎవరికిచ్చినా పక్కగోడను కత్తితో జానెడు కోసి ఇవ్వండి. మళ్లీ ఎవరూ గాలి కొట్టి బండికి ఎక్కించకూడదు.

పాత డ్రైవరు:
దోమల సంగతి ఒప్పుకుంటాను. కోయడం దేనికి? కోసినదానికి వంద కూడా రాదు.

పలాస జీడితోట:
మా వైపు రేకుల మీద బరువుకు పెడతాం. 2018లో తిత్లీ తుఫాను వచ్చాక ఏ ఇంటి మీద చూసినా టైర్లే.

దోమల డ్యూటీ:
పెట్టుకోండి, కానీ కింది వైపు చుట్టూ రంధ్రాలు వేసి పెట్టండి. నీళ్లు నిలవవు. డ్రైవరు గారూ, నేను డబ్బు గురించి మాట్లాడటం లేదు.

నాగావళి గట్టు:
అసలు ఇది మన నెత్తిన పడాల్సిన పని కాదు. 2022లో కేంద్రం రూల్స్ తెచ్చింది. టైర్లు తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలే పాతవాటి రీసైక్లింగ్‌కు బాధ్యులు. కంపెనీకే తిప్పి పంపండి.

పాత డ్రైవరు:
షాపువాడికి ఆ ముక్క చెప్పి చూడండి బావూ. రూలంటే కంపెనీ మన గుమ్మంలోకి వచ్చి టైరు పట్టుకెళ్లడం కాదు. తన లెక్కకు సరిపడా రీసైక్లింగ్ సర్టిఫికెట్లు కొనడం. మన ఊళ్లో టైరు షాపు నుంచి పాత సామాన్లవాడికి, అక్కణ్నుంచి లారీకి. ఆ లారీ పొడి చేసి రోడ్డు తారులో కలిపేవాళ్ల దగ్గరికి వెళ్తుందో, కాల్చి నూనె తీసే బట్టీకి వెళ్తుందో మనకు చెప్పేవాడు లేడు.

నాగావళి గట్టు:
అందుకే రూలు గట్టిగా అమలు చేయమని అడగాలి.

పాత డ్రైవరు:
అడగండి. ఈలోపు ఆయన వంద రూపాయల బేరం సంగతి చూద్దాం.

దోమల డ్యూటీ:
మీరు మళ్లీ వందలోనే ఉన్నారు. మా అక్క కొడుకు ఇలాగే సెకండ్ హ్యాండ్ టైర్లు వేయించుకున్నాడు. నల్ల పాలిష్ కొట్టి, కొత్తవాటిలా నిగనిగలాడించి ఇచ్చారు. ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద ముందు టైరు పేలింది. కారు డివైడర్ ఎక్కేసింది. వాడి కాల్లో ఇప్పటికీ రాడ్డు ఉంది. తర్వాత ఆ టైరు నేనే చూశాను. పక్కగోడను బొటనవేలితో నొక్కి వంచితే పాలిష్ కింద సన్నని బీటలు నోళ్లు తెరిచాయి. గ్రిప్పు మాత్రం బ్రహ్మాండంగా ఉంది! మీ 1.6 మిల్లీమీటర్ల లెక్క వాణ్ని కాపాడలేదు.

పాత డ్రైవరు:
అమ్మినవాడు మోసం చేస్తే నా మీద అరుస్తారేటండీ? నెలనెలా పెన్షన్ వచ్చేవాళ్లకు కోసి పారేయమనడం తేలిక. నా మొదటి కారు నాలుగేళ్లు సెకండ్ హ్యాండ్ టైర్ల మీదే తిరిగింది. కొత్త సెట్టు వేయిస్తే ఆ నెల ఫైనాన్సు కిస్తీ కట్టలేను. ఉన్నవాళ్లు సగం అరగకుండానే తీసేసిన టైరే మాకు దిక్కు. అది కూడా మీరు కోసేస్తే మేం కొత్తవి కొంటామనుకుంటున్నారా? గుండు టైరు మీదే తోలతాం. అప్పుడు ఎక్కువ మంది కాళ్లు విరుగుతాయి.

టెక్కలి చెల్లి:
ఇద్దరూ కాస్త శాంతించండి.

దోమల డ్యూటీ:
పెన్షన్ మాట అనవసరం. మీ ఇబ్బంది నాకు అర్థం కాక కాదు. కానీ టైరు అమ్మినవాడికి, కొన్నవాడికి మధ్యలో దాని వయసు మాయమైపోతోంది. నా కోపం దాని మీద. పక్కగోడ మీద డీఓటీ అని ఉండి, ఆ వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. పదేళ్లు దాటితే గ్రిప్పున్నా, స్టెప్నీగా పడున్నా తీసేయమని కంపెనీలే చెబుతాయి. మన ఎండలకు అన్నాళ్లు కూడా ఆగడం కష్టం. ఆ అంకె చూపించి అమ్మేవాణ్ని ఒక్కణ్ని చూపించండి.

పాత డ్రైవరు:
అడిగితే చూపిస్తారు. అడిగేవాళ్లు లేరు. అంకె చూసి, బీటలు చూసి, బాగున్నది పక్కన పెట్టమనండి, నేనూ ఒప్పుకుంటాను. అన్నీ కోసేయమంటే మాత్రం ఒప్పుకోను.

రాజాం రైతు:
భోగి మాట వెనక్కి తీసుకోను గానీ, మా ఇంట్లో ట్రాక్టరు టైరు ఒకటుంది, దానికీ అంకె ఉంటుందా?

కంటోన్మెంటు వాసి:
ఇప్పుడే మేడ ఎక్కి చూశాను. మూడింటి మీద 4115 ఉంది, నొక్కితే బీటలు కనిపిస్తున్నాయి. ఒకదానికి మధ్యలో పంచరై మార్పించాను, దాని మీద 0823. గ్రిప్పు దిమ్మల కంటే బాగా పైకే ఉంది. లోపల నిన్నటి వాన నీళ్లున్నాయి. ఆ మూడూ కోసేసి పాత సామాన్లవాడికి వేసేస్తాను.

దోమల డ్యూటీ:
కోసేటప్పుడు పక్కగోడ వరకే కోయండి. రిమ్ముకు ఆనే అంచులో, రోడ్డును తాకే భాగంలో ఉక్కుతీగలుంటాయి, కత్తి జారి చేతికి తగులుతుంది. నీళ్లు కాలవలో పోయకండి, ఎండిన నేల మీద పారబోయండి. లోపలి గోడను బ్రష్‌తో గట్టిగా రుద్దండి, గుడ్లు ఊడతాయి.

పాత డ్రైవరు:
ఆ నాలుగోది కోయకండి. సైజు మెసేజ్ పెట్టండి. వచ్చేవారం కిరాయికి విజయనగరం వస్తున్నాను, సరిపోతే ఐదు వందలిచ్చి నేనే తీసుకుంటాను.

దోమల డ్యూటీ:
తీసుకునే ముందు లోపలివైపు ప్యాచ్‌లున్నాయేమో చేత్తో తడిమి చూడండి. ముందు చక్రానికి మాత్రం వేయకండి. కంటోన్మెంటు గారూ, అంతవరకూ దాన్ని మెట్ల కింద పెట్టండి.