ఫోర్క్ ఒకవైపే ఆయిల్ కారుతోంది, రాళ్లలో చేతులు అదురుతున్నాయి: ముందు ఏది చూడాలి?

ప్రశ్న

బండి 200 సీసీ. ముందు 21 అంగుళాల చక్రం, 37 మి.మీ. మామూలు ఫోర్క్, 190 మి.మీ. ట్రావెల్ (ఫోర్క్ పైకీ కిందికీ కదిలే మేర), గట్టి మెత్త మార్చుకునే అడ్జస్టర్లు ఏమీ లేవు. హెల్మెట్, రైడింగ్ గేర్‌తో కలిపి నా బరువు 88 కిలోలు. తిరిగేది ఉదయగిరి, సీతారామపురం వైపు రాళ్ల బాటల్లో, లేదంటే మైపాడు వైపు రొయ్యల గుంటల కట్టల మీద, ఇసుకలో.

కుడివైపు ఆయిల్ సీల్ కొత్తది వేయించినా నెల తిరక్కుండానే మళ్లీ కారతా ఉంది. ఎడమది పొడిగానే ఉంది. పిడికిలంత రాళ్ల మీద చేతులకు టకటకా కొడతా ఉంది. పెద్ద గుంటలో పడితే మాత్రం ఫోర్క్ అడుగుదాకా దిగి టంగుమంటోంది. ఇంకా చిక్కటి 20డబ్ల్యూ ఆయిల్ పోస్తే రెండూ పోతాయని షాపులో అంటున్నారు. పోయించనా? లేక గట్టి స్ప్రింగులు తెప్పించనా? చెప్పండన్నా.

జవాబు 1

20డబ్ల్యూ వద్దు తమ్ముడూ. ఈ రకం ఫోర్క్‌లో డ్యాంపింగ్ (ఫోర్క్ ఊపును అదుపు చేయడం) అంటే లోపలి డ్యాంపర్ రాడ్‌కున్న చిన్న బెజ్జాల్లోంచి ఆయిల్ దూరడమే. ఫోర్క్ కదిలే వేగం రెట్టింపైతే అడ్డు దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే నిదానంగా దిగే గుంటలో ఆయిల్ పెద్దగా ఆపదు, రాయి ఠక్కున తగిలితే బిగుసుకుపోతుంది. చిక్కటి ఆయిల్‌తో ఆ బిగుసుకోవడం ఇంకా ఎక్కువవుతుంది. రీబౌండ్, అంటే దిగిన ఫోర్క్ తిరిగి లేవడం, కూడా మందగిస్తుంది. వరుస రాళ్లలో ఫోర్క్ పైకి లేవకముందే తర్వాతి రాయి వచ్చేస్తుంది, నాలుగైదు రాళ్లు దాటేసరికి సగం ట్రావెల్ మిగలదు.

ఒకవైపే కారడం, చిన్న రాళ్లకు కొట్టడం రెండూ కలిసి ఉన్నాయంటే నాకు మొదటి అనుమానం యాక్సిల్ (చక్రం ఇరుసు) మీదే. చక్రం బిగించేటప్పుడు పించ్ బోల్టు (ఫోర్క్ కాలు అడుగున యాక్సిల్‌ను నొక్కి పట్టే బోల్టు) ముందే బిగిస్తే ఆ కాలు లోపలికో బయటికో లాగినట్టు ఉండిపోతుంది. రెండు కాళ్లు సమాంతరంగా లేకపోతే ఫోర్క్ పైపు సీల్‌ను ఒక పక్కే ఒరుసుకుంటూ తిరుగుతుంది. కొత్త సీల్ ఎన్నిసార్లు వేసినా అదే గతి.

ముందు చక్రం లేపి, పించ్ బోల్టు వదులు చేసి, యాక్సిల్ నట్ మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు బిగించు. చక్రం దించి, ముందు బ్రేక్ పట్టకుండా, చక్రాన్ని గోడకు ఆనించి ఫోర్క్‌ను ఏడెనిమిది సార్లు గట్టిగా నొక్కు. ఆ కాలు యాక్సిల్ మీద తనకు తోచిన చోట కుదురుకుంటుంది. పించ్ బోల్టు అప్పుడే బిగించాలి. బండి ఎప్పుడైనా పడి ఉంటే టీ బోల్టులు (ఫోర్క్ కాళ్లను పైన పట్టి ఉంచే బోల్టులు) కూడా వదులు చేసి హ్యాండిల్, చక్రం ఒకే గీతలో ఉన్నాయో లేదో చూసుకో.

కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కూడా చూడు. చక్రం గాల్లో ఉంచి ఫోర్క్ కాళ్ల అడుగున పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే లూజు తెలుస్తుంది. ఆ చప్పుడును ఫోర్క్ చప్పుడనుకునేవాళ్లు చాలామంది.

జవాబు 2

అన్న చెప్పింది సరే. దాంతోపాటు ఫోర్క్ పైపు మీద గోరు పెట్టి చుట్టూ, పైకీ కిందికీ గీకి చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు గాలిలో తిరిగే బండ్లకు క్రోమ్ కింద తుప్పు పుట్టి సన్నటి గుంటలు పడతాయి. సీల్ తిరిగే మేరలో గోరుకు ఒక్కటి తగిలినా అది సీల్ పెదవిని కోసేస్తుంది. పైకి లేచిన అంచు వరకే అయితే 2000 నంబర్ వాటర్ పేపర్‌ను ఆయిల్‌లో తడిపి పైపు చుట్టూ అడ్డంగా రుద్దితే పోతుంది. లోతుగా తింటే పైపు మార్చాల్సిందే, లేదా మళ్లీ హార్డ్ క్రోమ్ వేయించాలి.

గుంటల కట్టల మీది బురద ఎండి డస్ట్ సీల్ కింద చేరుతుంది. సీల్ మార్చే ముందు డస్ట్ సీల్ కిందికి లాగి శుభ్రం చేసి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కను కొక్కెంలా కోసి సీల్ పెదవి కింద దూర్చి చుట్టూ తిప్పండి. చాలాసార్లు ఇసుక రేణువు బయటికొచ్చి కారడం ఆగిపోతుంది. సూది, స్క్రూడ్రైవర్ మాత్రం పెట్టొద్దు.

కొత్త సీల్ వేయాల్సి వస్తే పైపు కొసకు పలచటి ప్లాస్టిక్ కవర్ తొడిగి, ఆయిల్ రాసి దాని మీదుగా దించండి. ఆ పదును అంచుకే చాలా సీళ్లు బండి రోడ్డెక్కకముందే చెడిపోతాయి. విడదీసినప్పుడు బుష్‌లు (పైపు జారే లోపలి రింగులు) ఉంటే చూడండి. బూడిదరంగు పూత అరిగి రాగి రంగు కనిపిస్తే వాటినీ మార్చాలి, లేకపోతే పైపు ఊగి సీల్ మళ్లీ పోతుంది. డిస్క్ ఉన్న వైపు కారి ఉంటే బ్రేక్ ప్యాడ్‌లు కూడా చూసుకోండి, ఆయిల్ పీల్చిన ప్యాడ్ ఎంత కడిగినా నమ్మదగింది కాదు.

అడిగినవారు

పించ్ బోల్టు వదులు చేయగానే కుడి కాలు దాదాపు 3 మి.మీ. బయటికి జరిగిందన్నా! చిన్న రాళ్ల అదురు బాగా తగ్గింది. పైపు మీద గోరుకేమీ తగల్లేదు. టంగుమనడం మాత్రం అలాగే ఉంది.

జవాబు 3

కారిపోయిన ఆయిల్ తిరిగి పోశారా? లోపల ఆయిల్ పైన ఉండే గాలి కూడా స్ప్రింగ్ లాగే పని చేస్తుంది, ముఖ్యంగా చివరి మూడో వంతు ట్రావెల్‌లో. ఆయిల్ తగ్గితే గాలికి చోటు పెరిగి, అడుగున ఆపేది ఉండదు.

రెండు కాళ్లలో పాతది పూర్తిగా వంచేసి, మాన్యువల్లో చెప్పిన గ్రేడే పోయండి. పైపును పది పన్నెండు సార్లు నిదానంగా ఆడించి బుడగలు పోనిచ్చి, పది నిమిషాలు నిటారుగా ఉంచండి. స్ప్రింగ్ బయటే ఉండాలి, పైపు పూర్తిగా దిగి ఉండాలి. అప్పుడు పైపు పై అంచు నుంచి ఆయిల్ దాకా కొలవండి. సిరంజికి సన్నటి గొట్టం తగిలించి, కావలసిన లోతున గుర్తు పెట్టుకుంటే ఎక్కువైనది దానంతటదే వచ్చేస్తుంది. మాన్యువల్ కొలతతో మొదలుపెట్టి, టంగు ఆగేదాకా ఆయిల్ మట్టాన్ని 5 మి.మీ. చొప్పున పెంచుకుంటూ పోండి (పై అంచు నుంచి కొలత తగ్గుతూ వస్తుంది). రెండు కాళ్లూ సమానంగా ఉండాలి. మరీ పెంచితే గాలి ఒత్తిడికి సీల్ మళ్లీ కారుతుంది. పైపుకు ఒక జిప్ టై కట్టుకోండి, ఎంత ట్రావెల్ వాడారో అదే చూపిస్తుంది.

స్ప్రింగుల సంగతి శాగ్ (బరువుకు ఫోర్క్ ఎంత దిగుతుందో ఆ కొలత) చూశాకే. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒక కొలత, గేర్‌తో ఎక్కి నిలబడి ఇంకో కొలత. రాపిడి వల్ల తేడా వస్తుంది కాబట్టి ఒకసారి కిందికి నొక్కి నిదానంగా వదిలి, ఇంకోసారి పైకెత్తి నిదానంగా దించి సగటు తీయండి. 190 మి.మీ.కి 55 నుంచి 60 మి.మీ. దిగితే బాగుంటుంది. 70 దాటితే టాప్ క్యాప్ కింద 5 మి.మీ. స్పేసర్ వేయండి, శాగ్ ఇంచుమించు అంతే తగ్గుతుంది. క్యాప్ విప్పేటప్పుడు మొహం పక్కకు పెట్టుకోండి, స్ప్రింగ్ ఎగదన్నుతుంది.

స్పేసర్లు వేస్తూ పోతే మనిషి లేకుండా బండి సొంత బరువుకు దిగే శాగ్ 20 మి.మీ. కన్నా తగ్గిపోయి, ఫోర్క్ పైకి లేచినప్పుడల్లా ఠక్కుమంటుంటే స్ప్రింగులు మీ బరువుకు చాలవని అర్థం. గట్టివి అప్పుడు తెప్పించండి.