బాబుకి 18 నిండాయని భరణం మొత్తం ఆపేశారు, చదువేమో ఇంకా మొదటి ఏడాదే

బ్రాడీపేట అమ్మ (గుంటూరు)

అందరికీ నమస్కారమండీ. ఇంట్లోనే మగ్గం వర్కు చేస్తాను, బ్లౌజులు కుడతాను. మా ఆయనా నేనూ విడిగా ఉండబట్టి పదేళ్లు దాటింది, విడాకులు మాత్రం కాలేదు. 2017లో ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో భరణం ఆర్డరు వచ్చింది. నాకు నెలకు 4,000, పిల్లలిద్దరికీ చెరో 3,500, మొత్తం 11,000. ఆలస్యంగా అయినా, నాలుగుసార్లు అడిగించుకుని అయినా పడేవి. పాస్‌బుక్కు ప్రింటు వేయిస్తే నెలకు ఆ ఒక్క అంకే నిండుగా కనబడేది. మిగతావన్నీ 300, 450, కుట్టుకూలి ఫోన్‌పేలు.

నవంబరు 14న బాబుకి 18 నిండాయి. డిసెంబరు నుంచి రూపాయి పడలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టారు, "వాడు మేజరయ్యాడు, ఇక నాకు సంబంధం లేదు" అని. వాడు మేజరయితే పాప సంగతేంటి? దానికి 16. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు ఇప్పుడే రాసింది. నా 4,000 ఎందుకు ఆగాలి? ఏప్రిల్‌తో అయిదు నెలలయింది.

బాబు ఇంజనీరింగు మొదటి ఏడాది. కన్వీనర్ కోటాలోనే సీటు తెచ్చుకున్నాడు, ఆ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు నిండుతుంది. కానీ కాలేజీ బస్సుకే ఏడాదికి 32,000. పుస్తకాలు, పరీక్ష ఫీజు, ల్యాబ్ రికార్డులు అన్నీ విడిగా. ఆ రసీదులన్నీ మిషను సొరుగులో జరీ ఉండల కింద దాస్తున్నాను, ఎప్పుడైనా కోర్టులో అడుగుతారేమోనని. వాడికి 16 ఏళ్లప్పుడు ఇంత ఖర్చు లేదండీ. 18 నిండిన ఏడాదే ఖర్చు కొండంతయింది. సరిగ్గా ఆ ఏడాదే ఆపెయ్యొచ్చని చట్టంలో ఉందా?

మా పెద్దమ్మ కూతురు ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ చదువుకుంటుంటే 20 ఏళ్ల దాకా తండ్రి ఇవ్వాలట. మన దగ్గర అలాంటిదేమీ లేదా? తెలిసినవాళ్లు చెప్పండి. నిన్న రాత్రి వాడు చదువు మానేసి డెలివరీ పనికి పోతానన్నాడు. అన్నం ముందు కూర్చుని ఇద్దరం ఏడ్చాం.

బందరు రోడ్డు ప్లీడరు (విజయవాడ)

అమ్మా, ముందు ధైర్యంగా ఉండండి. మీ ఆయన మూడు వేరువేరు విషయాల్ని ఒక్క ముడి వేశారు. దాన్ని విప్పితే సగం సమస్య తేలుతుంది.

మీ 4,000, పాప 3,500 ఆపే హక్కు ఆయనకు లేదు. బాబు మేజరయినంత మాత్రాన మిగతా ఇద్దరి ఆర్డరు రద్దవదు. ఆర్డరు మార్చాలంటే ఆయనే కోర్టుకు వెళ్లి అడగాలి, వాట్సాప్‌లో మార్చుకోవడం కుదరదు. అంటే నెలకు 7,500 చొప్పున అయిదు నెలలకు 37,500 బకాయి. దీనికి వెంటనే పిటిషన్ వేయండి. బకాయి కోసం వారెంటు అడగాలంటే అది చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాది లోపే అడగాలి. చాలామంది ఆడవాళ్లు "ఇస్తాడులే" అని చూసి చూసి ఆ గడువు పోగొట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. కారణం చూపకుండా కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల దాకా జైలు వేయొచ్చు. జైల్లో ఉండి వచ్చినా బాకీ మాఫీ కాదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. మీది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125 సెక్షన్ ఆర్డరు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 వచ్చింది. నంబరు మారిందని కంగారు పడకండి, మీ ఆర్డరు చెల్లుతుంది.

ఇక బాబు సంగతి. ఇక్కడ మీకు తియ్యని మాట చెప్పి పంపలేను. 125 అయినా 144 అయినా మగపిల్లాడికి 18 దాకానే. శారీరకంగానో మానసికంగానో వైకల్యం ఉండి సంపాదించుకోలేకపోతే తప్ప, చదువుతున్నాడన్న కారణం ఆ సెక్షన్‌లో లేదు. 1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టం 20వ సెక్షన్ కూడా కొడుకు విషయంలో మైనర్‌గా ఉన్నంత వరకే అంటుంది. కాబట్టి ఆయన వాడి 3,500 ఆపడం ఒక్కటీ చట్టం ప్రకారమే. పుట్టినరోజు దాకా అయిన రోజులకు బాకీ ఉంటే మాత్రం అడగొచ్చు.

దారి ఒకటుంది, అది మీ భరణం మీదుగా. 2017లో మీకు 4,000 వేసినప్పటి పరిస్థితి వేరు, ఇప్పుడు వేరు. పరిస్థితి మారిందని చూపి మొత్తం పెంచమని కొత్త సంహిత 146వ సెక్షన్ కింద అడగొచ్చు, పాత కోడ్ లెక్కలో అది 127. 2021లో ఢిల్లీ హైకోర్టు ఇలాంటి కేసులోనే, కొడుక్కి 18 నిండాయని ఖర్చంతా తల్లి నెత్తిన పడేయడం సరికాదని, వాడు డిగ్రీ పూర్తి చేసేవరకో సంపాదన మొదలుపెట్టేవరకో తల్లికి నెలకు 15,000 ఇమ్మంది. అది మన హైకోర్టు తీర్పు కాదు కాబట్టి ఇక్కడి జడ్జి కట్టుబడి ఉండాలని లేదు. అయినా చూపించదగ్గదే. సొరుగులో రసీదులు దాచారు చూడండి, అవి ఇప్పుడు పనికొస్తాయి. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన రజనీశ్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులతో అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాలి. మీ మగ్గం సంపాదన దాచకుండా రాయండి. దాచినట్టు తేలితే అవతలి ప్లీడరు దాన్నే పట్టుకుంటాడు.

రేపు విడాకుల దాకా వస్తే, బాబు చదువు ఖర్చు ఎన్నాళ్లు, ఎంత, ఏ తేదీకి అన్నది రాతలో పెట్టించండి. నోటిమాట వద్దు.

లెస్టర్‌లో తెనాలివాడు (ఇంగ్లండు)

అక్కా, మీ చెల్లెలు చెప్పింది నిజమే గానీ సగమే. ఇక్కడ 16 దాకా ఇవ్వాలి. ఆ తర్వాత ఏ-లెవెల్స్ లాంటి చదువు ఫుల్‌టైమ్ చదువుతుంటే 20 నిండే దాకా. అంటే మన ఇంటర్ లాంటిది. యూనివర్సిటీలో చేరితే ఆ లెక్కలోకి రాదు. ఇంజనీరింగుకు ఇక్కడా ఆగిపోయేదే. ఇది పట్టుకుని గుంటూరు కోర్టులో వాదించకండి.

కొత్తపేట నర్సింగ్

ఆంటీ, నేను బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది. మా అమ్మది కూడా మీ కథే, కాకపోతే నేను కూతుర్ని. నాకు 18 నిండగానే మా నాన్న ఆపేశారు. కూతుళ్లకి వేరే దారి ఉందని మాకు ఎవరూ చెప్పలేదు, ఒక ఏడాది ఊరికే పోయింది. మీ పాపకి అలా కాకూడదని రాస్తున్నా.

ప్లీడరు గారు చెప్పిన 1956 చట్టంలోనే 20వ సెక్షన్‌లో మూడో క్లాజు ఉంది. పెళ్లికాని కూతురు తన సంపాదనతోనో ఆస్తితోనో బతకలేకపోతే, 18 దాటినా తండ్రి పోషించాలి. ఆ చట్టంలో భరణం అంటే తిండి, బట్ట, ఇల్లే కాదు, చదువు, వైద్యం కూడా. 2020 సెప్టెంబరులో అభిలాష వర్సెస్ ప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు దీన్నే చెప్పింది. కానీ పాత 125 కేసులోనే అడిగితే రాదు, 20వ సెక్షన్ కింద విడిగా వేయాలి. మాకు అక్కడే దెబ్బ తగిలింది, మొదటి పిటిషన్ తప్పు సెక్షన్‌లో వేశారు.

పాప టెన్త్ మెమో, స్టడీ సర్టిఫికెట్, ఫీజు చలాన్లు ఇప్పటినుంచే ఒక ఫైల్లో పెట్టండి. 18 నిండిన వెంటనే వేసెయ్యండి. డబ్బు గురించి భయపడకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ వాళ్లు ఉచితంగా ప్లీడర్ని ఇస్తారు. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, లేదంటే 15100కి ఫోన్ చేయండి. మా అమ్మ మొదటి రోజు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది, లోపల ఏమంటారోనని. రెండోసారి నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఏమీ అనలేదు ఆంటీ, కూర్చోబెట్టి కాయితం రాసిచ్చారు.

పటమట నాన్న (విజయవాడ)

అమ్మా, నేను అవతలి పక్క మనిషిని. విడాకులయ్యాయి, ఇద్దరు మగపిల్లలు వాళ్లమ్మ దగ్గర ఉంటారు. పెద్దాడికి 18 నిండినప్పుడు నాకూ ఆ ఆలోచన వచ్చింది, ఇక కట్టక్కర్లేదని. ఆ నెల డబ్బు పంపలేదు. వాడు నాకు ఫోన్ చేసి డబ్బు మాట ఎత్తలేదు, "నాన్నా, నీ పుట్టినరోజుకి రానా?" అనడిగాడు. ఆ రోజు నేను పడ్డ సిగ్గు ఇంకా పోలేదు. అప్పటినుంచి వాడి ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకే కడుతున్నాను, వాళ్లమ్మ చేతికి ఇచ్చేది వేరు.

కొందరు మగవాళ్లకు ఆమె చేతికి ఇవ్వడమే మంట. మీ ఆయన ఆ రకమైతే, కాలేజీకే కట్టమని పెద్దమనుషుల ద్వారా ఒకసారి అడిగించి చూడండి. కోర్టు పని ఆపమని చెప్పడం లేదు. రెండూ చేయండి.

బ్రాడీపేట అమ్మ (గుంటూరు)

అందరికీ చేతులెత్తి దండం. ప్లీడరు గారూ, 7,500 వేరు, 3,500 వేరు అని ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు. మొత్తం పోయిందనే కూర్చున్నాను. పాత ఆర్డరు కాపీ తీశాను, మడతల దగ్గర చిరిగింది గానీ ఎం.సి. నంబరు (భరణం కేసు నంబరు) కనబడుతోంది. సోమవారం లీగల్ సర్వీసెస్‌కి వెళ్తున్నాం.

నర్సింగ్ తల్లీ, నీ మాటలు పాపకి చదివి వినిపించాను. టెన్త్ మెమో అదే వెతికి ఫైల్లో పెట్టింది.

పటమట అన్నయ్యా, మా ఆడపడుచు భర్త ద్వారా అడిగిస్తాను. వింటారని నమ్మకం లేదు, అయినా అడిగిస్తాను.

బాబు పొద్దున కాలేజీ బస్సుకే వెళ్లాడు. రెండో విడత బస్సు ఫీజు 16,000 ఈ నెల 25 లోపు కట్టాలి. పెళ్లి బ్లౌజులు మూడు ఒప్పుకున్నాను.